దేవుణ్ణి నమ్మనివాడు కోర్టులో ఏమని ప్రమాణం చేయాలి? అసలు ప్రమాణాలు ఎందుకు?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. వచ్చే నెల ఓ రోడ్డు ప్రమాదం కేసులో సాక్ష్యం చెప్పమని సమన్లు వచ్చాయి, దేవుడి మీద నమ్మకం లేని మీరు బోనులో నిలబడి ఏమనాలన్నది ఒకటి. మంత్రులు, డాక్టర్లు, సైనికులు, సాక్షులు అందరూ ప్రమాణం చేస్తారు, తప్పినవాడికి ఏమీ కాదు, మరి ఈ తంతు దేనికన్నది రెండోది. మొదటిదానికి జవాబు చిన్నదే, చివర్లో చెబుతాను. రెండోదానికి కాస్త ఓపిక పట్టాలి. చిత్తూరు కోర్టుల్లో ప్లీడరుగా బతుకంతా గడిపినవాణ్ణి. ప్రమాణం చేసి నిజం చెప్పినవాళ్లనీ చూశాను, చేసి అబద్ధం ఆడినవాళ్లనీ చూశాను. గొంతు మాత్రం రెండోవాళ్లదే గట్టిగా ఉండేది.

సినిమాల్లోలాగా భగవద్గీత మీద చెయ్యి వేయించడం మన కోర్టుల్లో లేదు. 1969 నాటి ప్రమాణాల చట్టం ఏ గ్రంథాన్నీ అడగదు. జరిగేది ఇలా ఉంటుంది. అటెండరు వరండాలోకి వచ్చి సాక్షి పేరు మూడుసార్లు కేకేస్తాడు. పొద్దుట్నుంచీ చెట్టు కింద కూర్చున్న మనిషి కంగారుగా లేచి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి బోనెక్కుతాడు. చెప్పులు విడవమని ఏ చట్టంలోనూ లేదు, మనవాళ్లకి అలా అలవాటు. ‘దేవుని ఎదుట ప్రమాణం చేసి నిజం చెబుతాను, అంతా నిజమే చెబుతాను, నిజం తప్ప మరొకటి చెప్పను’ అని అటెండరు ఒక్క గుక్కలో అప్పజెబుతాడు. సాక్షి సగం మింగేసి సగం తిరిగి చెబుతాడు. అప్పటికి జడ్జిగారు ఇంకో కేసు డాకెట్ మీద సంతకం పెడుతుంటారు, ప్రభుత్వం తరఫు ప్లీడరు పీపీగారు తన కట్టలో ఏదో కాగితం వెతుక్కుంటుంటారు. ఇదంతా చూసినవాడికి మీకొచ్చిన అనుమానమే వస్తుంది.

కానీ ఈ పొడిపొడి వాక్యం ఊరికే రాలేదు. కంపెనీ పాలనలో హిందువుల చేత గంగాజలం పట్టించి, ముస్లింల చేత ఖురాన్ పట్టించి ప్రమాణం చేయించేవాళ్లు. చాలామందికి అది మనసుకు రుచించేది కాదు. దేవుణ్ణి తెచ్చి పరాయివాడి తగాదాలో సాక్షిగా నిలబెట్టడం పాపమనుకునేవాళ్లు. దాంతో న్యాయానికి అడ్డంకి వస్తోందని 1840లో చట్టం చేసి ఆ పద్ధతి ఎత్తేశారు, దేవుని సమక్షంలో నిజం చెబుతానని గంభీరంగా ధ్రువీకరిస్తే చాలన్నారు. అంటే మీకున్న ఇబ్బంది కొత్తదేం కాదు. కాకపోతే అప్పటివాళ్లు భక్తి ఎక్కువై వెనక్కి తగ్గారు, మీరు లేక తగ్గుతున్నారు.

తర్వాత 1873లో వచ్చిన చట్టంలో ఓ వింత ఏర్పాటు ఉండేది. దావాలో ఒక పక్షంవాడు, ‘అవతలివాడు ఫలానా విధంగా ప్రమాణం చేసి చెబితే నేను దానికి కట్టుబడతాను’ అనొచ్చు. అవతలివాడు సరేనని చేశాడా, కట్టుబడతానన్నవాడి మీద ఆ మాటే తిరుగులేని రుజువు. ఇక వాదనలు లేవు, నోటు మీద వేలిముద్రలు తేల్చే పని లేదు. రెండు షరతులు మాత్రం పెట్టారు. ఆ ప్రమాణం న్యాయానికీ మర్యాదకీ విరుద్ధంగా ఉండకూడదు, మూడో మనిషికి తగిలేదిగా ఉండకూడదు. ఈ రెండోది రాసినవాడెవడో మన పల్లెలు బాగా తెలిసినవాడే. పిల్లల తల మీద చెయ్యేసి ఒట్టు పెట్టడం మన దగ్గర ఎంత సులువో తెలుసుగా. అబద్ధమాడేది నాన్న, శాపం తగిలేది పిల్లవాడికి. ఆ బేరం కోర్టులో కుదరదని చట్టమే చెప్పింది.

1969 చట్టంలో ఈ ఏర్పాటు తీసేశారు. కోర్టులో పోయినా మా జిల్లాలో పోలేదు. చిత్తూరు నుంచి పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేదు, బాహుదా ఒడ్డున కాణిపాకం వరసిద్ధి వినాయకుడున్నాడు. ఆ కోనేట్లో మునిగి తడిబట్టలతో స్వామి ముందు ప్రమాణం చేస్తే అబద్ధమాడినవాణ్ణి ఆయన వదలడని జనం నమ్మకం. పొలం గట్ల తగాదాలు, దొంగతనం అనుమానాలు, చివరికి తాగుడు మానేస్తానన్న ఒట్లు కూడా అక్కడికే వెళతాయి. రాజకీయ నాయకులు టీవీలో ‘దమ్ముంటే కాణిపాకం రా’ అనుకోవడం మీరూ వినే ఉంటారు. వాళ్ల సంగతి వదిలేయండి. వచ్చేది ఎవరు, రానిది ఎవరు అని కెమెరాలు చూసుకుంటాయి.

నేను దగ్గరుండి చూసింది ఓ ప్రోనోటు దావా. మా పార్టీ, అంటే మా క్లయింటు, వాది. ప్రతివాది ‘నోటు మీద సంతకం నాది కాదు’ అన్నాడు. నిపుణుడికి పంపిద్దామని నేనంటుంటే మా పార్టీ వినలేదు. ‘వాడు కాణిపాకంలో మునిగి ఆ మాట చెబితే నాకు డబ్బులొద్దు సార్’ అన్నాడు. ప్రతివాది వచ్చాడు. రెండు వైపులా బంధువులు, ఊరి పెద్దమనుషులు నలుగురు. కోనేట్లో మూడు మునకలేసి, వణుకుతూ లోపలికొచ్చి, కర్పూరం వెలుగుతుండగా ‘నేను సంతకం పెట్టలేదు’ అన్నాడు. అంతే. మర్నాడు కోర్టులో ‘నాట్ ప్రెస్డ్’, అంటే దావా ఇక నడపం అని మెమో వేసి ముగించాం. ఆ సంతకం ఎవరిదో నాకు ఈ రోజుకీ తెలియదు. ప్రతివాదికి తర్వాత ఏ కీడూ జరిగినట్టు వినలేదు. అయినా మా పార్టీ మాత్రం ఆ అప్పు గురించి మళ్లీ ఎత్తలేదు. కోర్టు డిక్రీ ఇచ్చుంటే అప్పీలు, డిక్రీ అమలుకి ఈపీ అంటూ పదేళ్లు తిరిగేవాడు.

ప్రమాణం చేశాక కీడు జరుగుతుందా అని ఎదురుచూడటం మన ధర్మశాస్త్రాల్లోనే ఉంది. యాజ్ఞవల్క్య స్మృతి చెప్పిన దివ్యాల్లో, అంటే దైవం మీద భారం వేసి నిజం తేల్చే పరీక్షల్లో, కోశం ఒకటి. దేవతా విగ్రహాన్ని కడిగిన నీళ్లు మూడు దోసిళ్లు తాగించి, పద్నాలుగు రోజుల్లోగా రాజు వల్లగానీ దైవం వల్లగానీ పెద్ద ఆపద రాకపోతే మనిషి నిర్దోషి అంటారు. మనుస్మృతి ఇంకో లెక్క చెబుతుంది. బ్రాహ్మణుడి చేత సత్యం మీద, క్షత్రియుడి చేత వాహనాల మీద, ఆయుధాల మీద, వైశ్యుడి చేత పశువులు, ధాన్యం, బంగారం మీద ఒట్టు పెట్టించాలట. శూద్రుడికైతే సమస్త పాపాలూ తగులుతాయని చెప్పి పెట్టించాలట. ఒకడికి మాట చాలు, ఇంకొకడికి భయం కావాలి. ఆ కులపు లెక్కని మన రాజ్యాంగం పక్కన పారేసింది, మంచి పని చేసింది. కానీ ఆ లెక్క వెనక ఓ సంగతుంది: ఎవడికి ఏది పోతే ఎక్కువ నొప్పో దాన్ని తాకట్టు పెట్టించడం.

నన్నడిగితే ప్రమాణంలో చూడాల్సింది దేవుడి పేరు ఉందా లేదా అన్నది కాదు. ఎవరికి బాకీ పడుతున్నాడన్నది. చరిత్రలో ప్రమాణాలు మంచికి పనికొచ్చాయా, చెడ్డకి పనికొచ్చాయా అన్నది చాలాసార్లు దీని మీదే తేలింది.

జర్మనీ సంగతి చూడండి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి సైనికులు రాజ్యాంగానికి విధేయులమని ప్రమాణం చేసేవాళ్లు. 1934 ఆగస్టు 2న అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ చనిపోయిన రోజే సైన్యం మొత్తం చేత కొత్త ప్రమాణం చేయించారు. అందులో రాజ్యాంగమూ లేదు, దేశమూ లేదు. అడాల్ఫ్ హిట్లర్ అనే మనిషికి బేషరతుగా విధేయత. పదేళ్ల తర్వాత, 1944 జులైలో ఆయన్ని చంపాలని కొందరు సైనికాధికారులు కుట్ర పన్నినప్పుడు, మనసులో వాళ్ల వైపే ఉన్న చాలామంది ‘ప్రమాణం చేశాం కదా’ అని ఆగిపోయారు. అదే నోరు, అదే సైన్యం. మారింది ‘ఎవరికి’ అన్న ఒక్క మాట.

మన దగ్గర ఇదే చిక్కు ఎర్రకోటలో విచారణకొచ్చింది. 1945 నవంబరులో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులు షా నవాజ్ ఖాన్, ప్రేమ్ సహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్‌ల మీద కోర్టు మార్షల్ మొదలైంది. బ్రిటిష్ చక్రవర్తికి విధేయులమని ప్రమాణం చేసి ఆయన మీదే యుద్ధం చేశారన్నది అభియోగం. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ పడిపోయాక ఫారర్ పార్కులో భారత సైనికులందర్నీ వరసగా నిలబెట్టి బ్రిటిష్ అధికారులే జపాన్‌కి అప్పగించేశారు. వదిలేసి పోయిన యజమానికి ఇంకా బాకీ ఉందా? డిఫెన్సు తరఫున వాదించిన భూలాభాయ్ దేశాయ్ పట్టు ఇక్కడే పట్టారు. రాజుకీ దేశానికీ మధ్య ఎంచుకోవాల్సొస్తే విధేయత దేశానికేనన్నారు. కోర్టు ఒప్పుకోలేదు, ముగ్గురికీ ద్వీపాంతర శిక్ష వేసింది. దేశమంతా రగిలింది. 1946 జనవరిలో సైన్యాధిపతి ఆకిన్‌లెక్ ఆ శిక్ష రద్దు చేసి, ఉద్యోగాల నుంచి తీసేయడంతో సరిపెట్టాడు.

దీని తర్వాత మన రాజ్యాంగం మూడో షెడ్యూలు చదివితే ఎంత జాగ్రత్తగా రాశారో తెలుస్తుంది. మంత్రి ప్రమాణం ‘శాసనం ద్వారా నిర్మితమైన భారత రాజ్యాంగం పట్ల’ విధేయతతో మొదలవుతుంది. ప్రధానికి కాదు, పార్టీకి కాదు, ముఖ్యమంత్రికి అసలే కాదు. ఈ మధ్య కొందరు మధ్యలో తమ నాయకుడి పేరు ఇరికించి చదివితే చప్పట్లు కొడుతున్నారు. ‘అంతఃకరణ శుద్ధితో’ దగ్గర నాలుక తడబడితే మీమ్స్ చేసే మనం ఈ సంగతి పట్టించుకోం. దేశ సార్వభౌమాధికారాన్నీ సమగ్రతనూ కాపాడతానన్న ముక్క మొదట్లో లేదు. మద్రాసు రాష్ట్రంలో వేరు దేశం నినాదం నడుస్తున్న రోజుల్లో, 1963లో, పదహారో సవరణతో చేర్చారు.

మాట తేడా వస్తే? 1989 డిసెంబరు 2న రాష్ట్రపతి వెంకట్రామన్ ‘మంత్రిగా’ అని చదివిస్తుంటే దేవీలాల్ ‘ఉప ప్రధాన మంత్రిగా’ అన్నారు. రాష్ట్రపతి దిద్దినా ఆయన మళ్లీ అదే మాట. రాజ్యాంగంలో ఉప ప్రధాని పదవే లేదని కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. హోదా పేరు వర్ణన మాత్రమే, విధేయత, కర్తవ్యం గురించిన అసలు భాగం సరిగ్గా చదివారు కాబట్టి చెల్లుతుందని కోర్టు తేల్చింది. కేరళలో మాత్రం ఓ ఎమ్మెల్యే శ్రీనారాయణ గురు పేరిట ప్రమాణం చేస్తే హైకోర్టు చెల్లదంది. షెడ్యూలులో ఉన్నవి రెండే దారులు: దైవసాక్షిగా, లేదా గంభీరంగా ధ్రువీకరించడం. సరైన ప్రమాణం చేయకుండా సభలో కూర్చుంటే 193వ అధికరణం రోజుకి 500 రూపాయల జరిమానా వేస్తుంది. 1950లో అది పెద్ద మొత్తమే, ఇప్పుడు పెట్రోలుకి కూడా చాలదు.

ప్రమాణం తప్పిన మంత్రికి ఏమవుతుందన్నారు. నిజం చెప్పాలంటే, ప్రమాణం తప్పినందుకంటూ విడిగా శిక్ష లేదు. 1985లో కేరళ మంత్రి ఆర్. బాలకృష్ణ పిళ్లై, కేంద్రం తీరు మారకపోతే కేరళలో కూడా, అప్పట్లో వేర్పాటు గొడవ నడుస్తున్న పంజాబ్ తరహా ఆందోళన రావాలన్న అర్థంలో మాట్లాడి, గొడవ పెద్దదయ్యాక రాజీనామా చేశారు. ఆ వ్యవహారం హైకోర్టుకెళితే, ప్రమాణ ఉల్లంఘన అనర్హత కాదని, మంత్రిగా ఉంచాలా తీసేయాలా అన్నది నియమించినవాళ్లు చూసుకోవాల్సిన సంగతని చెప్పింది. మీ అనుమానం అక్కడికి సరైనదే. అయితే ఆయన కుర్చీ దిగిపోయారన్నది కూడా అంతే నిజం. ‘నువ్వు ఇలా అని ప్రమాణం చేశావు కదా’ అని నిలదీయడానికి జనం చేతిలో ఓ వాక్యం ఉంది. అది లేకపోతే వాదన అభిప్రాయాల మధ్యే తిరుగుతుంది.

డాక్టర్ల సంగతికొస్తే, గ్రీకుల హిపోక్రటీస్ ప్రమాణం అపోలో, అస్క్లిపియస్ దేవతల పేరుతో మొదలై వెంటనే గురువుగారి దగ్గరికి పోతుంది. గురువుని తండ్రిలా చూసుకుంటాను, ఆయన కొడుకులకి ఫీజు లేకుండా విద్య నేర్పుతాను అని. రోగి వచ్చేది ఆ తర్వాత. మన చరక సంహితలో శిష్యుడికి అగ్ని సాక్షిగా చేసే ఉపదేశం నాకు ఇంకా నచ్చుతుంది, ముఖ్యంగా రోగి ఇంట్లోకి అడుగుపెట్టే ఘట్టం. తెలిసినవాళ్లు తోడు రాగా అనుమతి తీసుకుని వెళ్లు, లోపలికెళ్లాక మాట, మనసు, బుద్ధి, ఇంద్రియాలు రోగి మీద తప్ప ఇంకెక్కడా పెట్టకు, ఆ ఇంటి గుట్టు బయట చెప్పకు. రోగి ఆయుష్షు తీరిందని తెలిసినా, చెబితే అతనికో ఇంట్లోవాళ్లకో దెబ్బ తగిలే చోట చెప్పకు. ఎన్ని ఇళ్ల గుమ్మాలు దాటితే ఈ ముక్కలు పుడతాయి!

కానీ అందులోనే రాజుకి గిట్టనివాడికి వైద్యం చేయకూడదనీ, భర్తో సంరక్షకుడో దగ్గర లేని స్త్రీకి చేయకూడదనీ కూడా ఉంది. అందుకే 2022లో జాతీయ వైద్య కమిషన్ చరక శపథాన్ని ముందుకి తెచ్చినప్పుడు గొడవైంది. మదురై వైద్య కళాశాలలో విద్యార్థుల చేత చదివించినందుకు డీన్‌ని తప్పించి, కొద్దిరోజులకి తిరిగి వేశారు. పాత పాఠం మంచిదా కాదా అని రెండు వైపులా అరుచుకున్నారు గానీ, డాక్టరు ఎవరికి బాకీ అన్న ప్రశ్న వెనక్కి పోయింది. నాజీ శిబిరాల్లో ఖైదీల మీద ప్రయోగాలు చేసిన వైద్యుల్ని న్యూరెంబర్గ్‌లో విచారించాక, ప్రపంచ వైద్య సంఘం 1948లో జెనీవా ప్రకటన రాసుకున్నది దానికే. రోగి ఆరోగ్యమే నాకు ముందు, బెదిరించినా నా విద్యని మానవత్వానికి విరుద్ధంగా వాడను అని అందులో ఉంది.

మనందరం చిన్నప్పుడు చెయ్యి చాచి చెప్పిన ‘భారతదేశం నా మాతృభూమి’ కూడా ఈ లెక్కలోదే. 1962లో విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్న నల్గొండవాసి పైడిమర్రి వెంకట సుబ్బారావు రాశారు. చివరికొచ్చేసరికి ‘నా దేశం పట్ల, నా ప్రజల పట్ల’ అంటుంది. ప్రభుత్వం ఊసు లేదు. ట్రెజరీ అధికారి రాసిందని గుర్తుంచుకుంటే అది చిన్న సంగతి కాదు.

పిల్లలంటే గుర్తొచ్చింది. పన్నెండేళ్లలోపు సాక్షికి నిజం చెప్పాలన్న తెలివి ఉండి, ప్రమాణం అంటే ఏమిటో తెలియదని జడ్జి అనుకుంటే ప్రమాణం లేకుండానే సాక్ష్యం తీసుకోవచ్చు. ‘ఏ క్లాసమ్మా? అబద్ధం చెబితే ఏమవుతుంది?’ అని జడ్జిగారు కిందికి వంగి అడుగుతారు. ‘కళ్లు పోతాయి’ అంటుంది పాప. ఎనిమిదేళ్ల బాలిక చేత ప్రమాణం చేయించలేదు కాబట్టి ఆమె మాట చెల్లదన్న వాదనని 1951లోనే రామేశ్వర్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. నేరం మోపబడ్డ ముద్దాయిని జడ్జి ప్రశ్నించేటప్పుడు అసలు ప్రమాణమే చేయించరు. దేవుడి పేరు చెప్పించి తన మీద తనే సాక్ష్యం చెప్పుకునేలా చేయడం మన చట్టానికి సమ్మతం కాదు. ఇష్టపడి డిఫెన్సు సాక్షిగా బోనెక్కితే అది వేరు.

ఇక మీ పని. బోనెక్కగానే అటెండరుతో ‘నేను దేవుడి పేరు అనను, ధ్రువీకరించి చెబుతాను’ అనండి. 1969 చట్టం ఐదో సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది, ఎవరూ ముఖం చిట్లించక్కర్లేదు. రెండింటి విలువా ఒకటే. అబద్ధమాడితే భారతీయ న్యాయ సంహిత 229 కింద ఏడేళ్ల దాకా జైలు కూడా రెండింటికీ ఒకటే. ఆ ఫిర్యాదు కోర్టే ఇవ్వాలి కాబట్టి అరుదుగా జరుగుతుంది గానీ, జరగదనుకోవద్దు. అదీ చెప్పను ఇదీ చెప్పను అంటే మాత్రం విడిగా ఇంకో కేసు.

మీ టెన్షన్ అసలు వేరేచోట ఉండాలి. పోలీసులు మీ పేరుతో రాసుకున్న స్టేట్‌మెంట్ ప్రమాణం మీద ఇచ్చింది కాదు, దాని కింద మీ సంతకం కూడా ఉండదు. అందులో ఉన్నట్టే చెప్పాలని ఎవరైనా అంటే పట్టించుకోకండి, కళ్లతో చూసింది చెప్పండి. లారీ నంబరు చూడకపోతే చూడలేదనండి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయరు గొంతు పెంచితే జడ్జిగారి వైపు తిరిగి నెమ్మదిగా జవాబివ్వండి. కోర్టు రాసుకున్న మీ సాక్ష్యం, అంటే డిపోజిషన్, చదివి వినిపించాక తేడా ఉంటే సంతకానికి ముందే చెప్పి దిద్దించుకోండి. సమన్ల కాగితం, ఆధార్ పట్టుకుని పదిన్నరకల్లా హాజరవండి. తిరిగొచ్చేటప్పుడు సాక్షి బత్తా, అంటే రానుపోను ఖర్చుల డబ్బు, అడగండి, సిగ్గుపడకండి.